తొంభయ్యో రోజు

ఎనభై తొమ్మిది రోజులు పని,
తొంభయ్యో రోజు నాగా.
నేను పెట్టిన నాగా కాదు,
సిరొంచ రేంజ్ ఆఫీసు పెట్టిన నాగా.
ఆ ఒక్కనాడు నేను లేనని రాసుకుంటే
మల్ల తెల్లారి కొత్తగ పుట్టినట్టు,
ఎవలకూ ఏ బాకీ లేనట్టు.
ఇరవై మూడేండ్లల్ల
తొంభై సార్ల పైననే పుట్టిన.

నర్సరీల నా పని
నల్ల సంచులల్ల మట్టి నింపుడు.
ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు,
పెంటెరువు ఒక పాలు.
ఇసుక ప్రాణహిత నుంచి ట్రాక్టర్ల వచ్చేది.
దాంట్ల గుల్లలు దొరికితే
కొంగుల మూటగట్టి బిడ్డకు తెచ్చేదాన్ని.

నాగా రోజు మొదట్ల బొంతలు ఉతుక్కున్న.
ఒకపారి పన్ను పీకించుకున్న.
ఒకపారి మా అత్త పానం పోయింది,
సరిగ్గ నాగా రోజే పోయింది.
నా కూలి పోకుంట పోయినందుకు
బతికినన్నాళ్ళు మెచ్చని మనిషిని
ఆనాడు మెచ్చుకున్న.

ఎండకాలంల నాగా పడితెనే కష్టం.
మొక్కలకు ఎవలు చెప్తరు ఇయ్యాల బ్రేకని?
పొద్దుగూకంగ కంచె ఎనుక నుంచి దూరి
నీళ్ళు పోసొచ్చేదాన్ని.
లేని మనిషి పోసిన నీళ్ళు
ఏ రిజిస్టర్ల ఎక్కయి.

మస్టర్ల నేను ముగ్గురిని.
ఒక బాబు పోశక్క అని రాసిండు.
నాగ్‌పూర్ దిక్కు నుంచి వచ్చినాయన పోచక్క అన్నడు.
ఇంకొకాయన, ఎవలు చెప్పిన్రో ఏమో,
పోషాబాయి చేసిండు.
ముగ్గురం ఒక్క డబ్బల బువ్వ తిన్నం,
ఒక్క నడుం మీదనే వంగినం.
కాయితం మీద మాత్రం
ఎవతెకూ రెండు వందల నలభై రోజులు నిండలే.

యూనియన్ శ్యాంరావు మడావి అడిగిండు:
"నువ్వు నువ్వేనని చెప్పేటోళ్ళు ఉన్నరా?"
నవ్వొచ్చింది. కొంచెం సేపయినంక రాలే.
అహేరి పోయి స్టాంపు కాయితం మీద
ఆ ఇద్దరూ నేనేనని వేలు పెట్టిన.
మట్టి పిసికి పిసికి అరిగిన వేలు.
సిరా పడ్డది, గీత పడలే.
మల్ల పెట్టమన్నడు.
మల్ల పెట్టిన.

ఆర్డర్ మరాఠీల వచ్చింది.
బిడ్డ చదివింది:
"హంగామీ కొట్టేసిన్రమ్మా. కాయం అయినవ్."
మా నాయిన రాత్రిళ్ళు తత్త్వాలు పాడేటోడు.
దాంట్ల కాయం అంటే పెయ్యి,
ఇయ్యాలుండి రేపు కూలే పెయ్యి.
నది అవుతలి మాటల నిలువనిదాని పేరు
ఇవుతల ఎట్ల ఎప్పటికీ నిలిచేదయిందో,
ఆ కాయితం పట్టుకొని శానసేపు కూసున్న.
నాకిప్పుడు యాభై ఆరు.
నౌకరి నాలుగేండ్లు.
మోకాళ్ళు రెండూ ఇంకా హంగామీయే.

పనిల కొత్తగ చేరిన పిల్లలకు
ఒక్క మాట చెప్త.
సంచిల మొక్కను ఎక్కువ నెలలు ఉంచొద్దు.
జాగ చాలక తల్లివేరు
అడుగున చుట్ట చుట్టుకుంటది.
తర్వాత ఎంత మంచి భూమిల పెట్టినా
చింపి పారేసిన సంచి లోపట్నే
తిరుగుతుంటది.

మొన్న,
కాయం అయినంక తొంభయ్యో రోజు,
పొయ్యి ముట్టియ్యలే, డబ్బ కట్టుకోలే.
గడపల కూసొని బొంతలు ముందటేసుకున్న.
పదకొండు గొట్టంగ
గార్డు ఆత్రం బాపు బండేసుకొని వచ్చిండు.
"పోశక్కా, పెయ్యి మంచిగ లేదా?
రిజిస్టర్ల నీ గడి ఖాళీగున్నది."

ఇన్నేండ్లకు, నేను లేకుంటే
ఒక గడి ఖాళీ అయింది.

ఏం చెప్పాలె?
పన్ను నొస్తున్నదన్న.
ఆ పన్ను పీకించి
పద్దెనిమిదేండ్లయింది.